ఒక్క అక్షరం తేడా: పిల్లల పందెపు మోటారు సైకిలు

బి.యస్సీ. ద్వితీయ సంవత్సరం (ఎం.పి.సి.)

కిందటి సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు, అమెరికాలో డల్లాసు దగ్గర ఉంటున్న మా పెదనాన్నగారి అబ్బాయి ఫోను చేశాడు. కుశల ప్రశ్నలు అయ్యాక అసలు సంగతికి వచ్చాడు. "ఏరా, నువ్వు ఫిజిక్సు చదువుతున్నావు గదా, ఒకటి చెప్పు. మావాడికి పన్నెండేళ్ళొచ్చాయి. మట్టిలో తోలే మోటారు సైకిలు కావాలని ప్రాణం తీస్తున్నాడు. ఇక్కడ హోండా వాళ్ళ నూటయాభై ఒకటి పాతది దొరుకుతోంది. చిన్న బండే, ఫోర్ స్ట్రోకే. కొనొచ్చంటావా?"

మనల్ని ఒకరు సలహా అడిగితే ఆ గౌరవమే వేరు. ఆ రాత్రి కూర్చుని చూశాను. హోండా, నూటయాభై, మట్టి బండి. గాలికి చల్లబడే ఇంజను, మీట నొక్కితే స్టార్టయ్యే ఏర్పాటు, నెమ్మదైన స్వభావం. మర్నాడే "నిక్షేపంలా కొనెయ్ అన్నయ్యా, మన స్ప్లెండరుకు తమ్ముడు లాంటిది" అని చెప్పేశాను.

రెండు రోజుల తర్వాత పిల్లవాడు బండి ఫోటో పంపాడు. "బాబాయ్, చూడు, ఎలా ఉందో!" అని. చూశాను. ట్యాంకు పక్కన రేడియేటరు కనపడింది. నా గుండె ఝల్లుమంది. గాలికి చల్లబడే బండికి రేడియేటరు దేనికి?

అప్పుడు తెలిసింది నా ఘనకార్యం. నేను చదివింది సీఆర్‌ఎఫ్ 150ఎఫ్ గురించి. వాళ్ళు కొనబోతున్నది సీఆర్‌ఎఫ్ 150ఆర్. రెండూ ఒకే కంపెనీవి, రెండూ 149 సి.సి., రెండూ ఫోర్ స్ట్రోకే, రెండూ ఎర్ర రంగే. చివరి అక్షరం ఒక్కటే తేడా. కానీ మొదటిది కాలిబాటల మీద తిరగడానికి చేసిన బండి. రెండోది పందెం గుర్రం. వెంటనే ఫోను చేసి నా మాట వెనక్కి తీసుకున్నాను. "మరి తేడా ఏమిటో చెప్పు, వీడికి నచ్చజెప్పలేక చస్తున్నాను" అన్నాడు అన్నయ్య. ఆ తేడా చెప్పడానికి నేను చదువుకున్నదే ఈ వ్యాసం. క్లాసులో ఇంజను బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న మనలాంటి వాళ్ళకు కూడా ఇది పనికి వస్తుందని సావనీరుకు వ్రాస్తున్నాను.

మోటోక్రాస్ అంటే

మోటోక్రాస్ అనేది రోడ్డు మీది పందెం కాదు. మట్టిగుట్టలు, గోతులు, ఎగుడుదిగుడులు, పదునైన మలుపులు ఉన్న మూసిన ఆవరణలో జరిగే పందెం. 1924లో ఇంగ్లండులోని కాంబర్లీలో జరిగిన పందాన్ని దీనికి మొదలుగా చెబుతారు. ఈ బళ్ళకు హెడ్‌లైటు ఉండదు, హారను ఉండదు, నంబరు ప్లేటు ఉండదు. పందెంలో ఇచ్చే అంకె అంటించుకోవడానికి ముందు ఒక పలక మాత్రం ఉంటుంది. రోడ్డెక్కే హక్కు వీటికి లేదు. ట్రాలీ మీద తీసుకువెళ్ళి, ఆవరణలో దింపి, తోలి, మళ్ళీ ట్రాలీ ఎక్కించాలి.

మన ట్రాక్టరుకు దమ్ములో ఇనప చక్రాలు తగిలించినట్టే, ఈ బండి టైర్లకు మట్టిని పట్టుకునే పెద్ద పెద్ద రబ్బరు మొటిమలుంటాయి. సూత్రం ఒకటే. నేల జారుడుగా ఉన్నప్పుడు చక్రం నేలను కరవాలి.

రెండు స్ట్రోకులు, నాలుగు స్ట్రోకులు

నాలుగు స్ట్రోకుల ఇంజను పని అందరికీ తెలిసిందే: పీల్చడం, నొక్కడం, మండడం, వదలడం. క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి మంట పుడుతుంది. రెండు స్ట్రోకుల ఇంజనులో ప్రతి చుట్టుకూ ఒక మంట. అందులో వాల్వులు లేవు. సిలిండరు గోడకున్న కన్నాలను పిస్టనే తెరుస్తుంది, పిస్టనే మూస్తుంది. మా తాతగారి నాటి రాజ్‌దూత్ ఆ జాతిదే. పెట్రోలులో ఆయిలు కలిపి పోయడం, వెనక నీలిపొగ రావడం ఆ తరం వాళ్ళందరికీ గుర్తే.

రెండు స్ట్రోకులదానిలో ఒక పెద్ద లోపం ఉంది. కాలిన వాయువు బయటికి పోయే కన్నమూ, కొత్త మిశ్రమం లోపలికి వచ్చే కన్నమూ కొంతసేపు ఒకేసారి తెరిచి ఉంటాయి. ఆ సందులో మండని పెట్రోలు కొంత నేరుగా గాలిలో కలిసిపోతుంది. డబ్బు దండగ, గాలికి చేటు. అయినా ఇంజను తేలిక, శక్తి ఎక్కువ కాబట్టి మోటోక్రాస్‌లో చాలాకాలం దానిదే రాజ్యం. పిల్లల తరగతిలో 85 సి.సి. టూ స్ట్రోకు బండి ఒక ఆనవాయితీ అయిపోయింది.

మార్పు పెద్దల బళ్ళతో మొదలైంది. 1997లో యమహా వారి 400 సి.సి. నాలుగు స్ట్రోకుల ప్రయోగపు బండి మీద డగ్ హెన్రీ అనే అమెరికన్ రౌతు లాస్ వేగాస్ సూపర్‌క్రాస్ పందెం గెలిచాడు. మరుసటి ఏడాది, 1998లో, ఆ బండి అమ్మకానికి వచ్చింది. దాని మీదే ఆయన ఆ ఏడు అమెరికా జాతీయ మోటోక్రాస్ 250 తరగతి విజేత అయ్యాడు. నిబంధనల ప్రకారం 250 సి.సి. టూ స్ట్రోకుతో అంతకంటే పెద్ద ఫోర్ స్ట్రోకు పోటీ పడవచ్చు. మంటలు సగమే కాబట్టి సైజులో ఆ రాయితీ ఇచ్చారు. గాలి కాలుష్యం మీద, ముఖ్యంగా కాలిఫోర్నియాలో వచ్చిన ఆంక్షలు కూడా కంపెనీలను ఈ వైపుకే నెట్టాయి. హోండా తన టూ స్ట్రోకు మోటోక్రాస్ బళ్ళకు 2007 మోడళ్ళతో స్వస్తి చెప్పింది.

పిల్లల తరగతికి కూడా అదే లెక్క వర్తించింది. అమెరికా నిబంధనల్లో 85 సి.సి. టూ స్ట్రోకుల పక్కన 150 సి.సి. దాకా ఫోర్ స్ట్రోకును నిలబెట్టవచ్చు. ఆ తరగతి కోసమే 2007 మోడలుగా హోండా 150ఆర్‌ను తెచ్చింది. అంటే ఇది పెద్దల బండిని మెత్తబరిచి పిల్లలకిచ్చినది కాదు. టూ స్ట్రోకు బళ్ళను ఓడించడానికి పుట్టినది. మా అన్నయ్యకు ముందుగా చెప్పిన మాట ఇదే.

ఒకే సి.సి., రెండు గుణాలు

ఇద్దరు మనుషులు ఒకే బరువు ఉండవచ్చు. ఒకడు మస్తాదు, ఒకడు గుమాస్తా కావచ్చు. 149 సి.సి. అన్న అంకె కూడా అంతే.

ఎఫ్ బండి సిలిండరు వ్యాసం 57.3 మి.మీ., పిస్టను నడిచే దూరం 57.8 మి.మీ. ఇంచుమించు సమానం. ఆర్ బండి సిలిండరు వ్యాసం 66 మి.మీ., పిస్టను నడక 43.7 మి.మీ. మాత్రమే. గుణించి చూడండి, ఘనపరిమాణం రెంటికీ 149 పైచిలుకే వస్తుంది. ఒకటి చెంబు అయితే రెండోది పళ్ళెం.

పళ్ళెం వల్ల లాభమేమిటి? మొదటిది, వేగం. పిస్టను ఒక చుట్టులో పైకి ఒకసారి, కిందికి ఒకసారి నడుస్తుంది. నిమిషానికి 12,000 చుట్లు అనుకుందాం. అంటే సెకనుకు 200 చుట్లు. ఆర్ బండిలో పిస్టను సగటు వేగం సెకనుకు 17.5 మీటర్లు. అదే చుట్లు ఎఫ్ ఇంజనును తిప్పితే పిస్టను సెకనుకు 23 మీటర్లు పరుగెత్తాలి. చుట్టుకు రెండుసార్లు ఆగి, వెనక్కి తిరిగి, అంత వేగంగా పరుగెత్తమంటే కనెక్టింగ్ రాడ్డుకు ప్రాణాంతకం. అందుకే ఎఫ్ బండిని అన్ని చుట్లు తిప్పరు. ఆర్ బండిని తిప్పుతారు.

రెండోది, ఊపిరి. తల వెడల్పైతే అందులో వాల్వులకు చోటు ఎక్కువ. ఆర్ బండికి నాలుగు వాల్వులు: రెండు పీల్చడానికి, రెండు వదలడానికి. వీటిని నడిపే ఏర్పాటుకు హోండా యూనికామ్ అని పేరు పెట్టింది. 2002 మోడలు 450 సి.సి. పెద్ద బండిలో వచ్చినదే ఇది. మామూలుగా నాలుగు వాల్వుల పందెపు ఇంజనుకు రెండు క్యామ్ షాఫ్టులుంటాయి. ఇక్కడ ఒకటే. అది పీల్చే వాల్వులను నేరుగా నొక్కుతుంది. వదిలే వాల్వులను కప్ప నాలుకలా రెండుగా చీలిన ఒక రాకరు చేత నొక్కిస్తుంది. దానివల్ల ఇంజను తల చిన్నదవుతుంది, బరువు తగ్గుతుంది.

మూడోది, నొక్కుడు. ఆర్ బండిలో మిశ్రమాన్ని 11.7 వంతులు నుంచి ఒక వంతుకు కుదిస్తారు. అంత కుదింపు, అన్ని మంటలు. ఆ వేడిని గాలి ఒక్కటే మోయలేదు. ఫోటోలో నన్ను భయపెట్టిన రేడియేటరు అందుకే ఉంది.

మా మురుగుకాలవ గట్టున నీళ్ళు తోడే డీజిలు ఇంజనుతో దీన్ని పోల్చి చూశాను. అది సిలిండరు 80 మి.మీ., నడక 110 మి.మీ., ఘనపరిమాణం 553 సి.సి., నిమిషానికి 1,500 చుట్లు, 5 అశ్వశక్తి. ఈ పిల్లల బండి అందులో పావు వంతుకు కాస్త పైన. కానీ ఇచ్చే శక్తి సుమారు 20 అశ్వశక్తి. పావు వంతు ఇంజను, నాలుగు రెట్ల శక్తి! మాయ ఏమీ లేదు. నిమిషానికి ఎంత గాలి మింగిందో లెక్కవేస్తే సరి. డీజిలు ఇంజను నిమిషానికి 750 సార్లు 553 సి.సి. చొప్పున మింగుతుంది. ఇది 6,000 సార్లు 149 సి.సి. చొప్పున మింగుతుంది. అక్కడే రెట్టింపు దాటింది. మిగతాది, మింగిన ప్రతి గుక్కనూ నిండుగా మింగి మండించడం వల్ల వచ్చింది.

కానీ మా డీజిలు ఇంజను రాత్రంతా దుక్కిటెద్దులా నడిచి తెల్లవారి కూడా నడుస్తుంది. పందెపు ఇంజను అలా నడవదు. ఆ సంగతి తర్వాత.

"చిన్న" బండి ఎంత చిన్నది?

ఈ బండి రెండు కొలతల్లో వచ్చింది. మామూలుదానికి ముందు చక్రం 17 అంగుళాలు, వెనకది 14. పొడవైన పిల్లలకు ముందు 19, వెనక 16 అంగుళాలది. సీటు ఎత్తు మామూలుదానికి సుమారు 83 సెం.మీ., పెద్ద చక్రాల దానికి సుమారు 87. మన స్ప్లెండరు సీటు 79 సెం.మీ. దగ్గర ఉంటుంది. అంటే పిల్లల బండి సీటు నాన్నగారి బండి సీటు కంటే ఎత్తు!

ఎందుకు ఎత్తంటే, సస్పెన్షను కోసం. ముందు ఫోర్కు, వెనక స్ప్రింగు పాతిక సెంటీమీటర్లకు పైగా కుంగుతాయి. కుంగడానికి చోటు కావాలి గదా. ఇదేమీ షోకు కాదు, ఫిజిక్సు. బండి 1.5 మీటర్ల ఎత్తు నుంచి నేలమీద పడిందనుకోండి. తాకేటప్పటి వేగం సెకనుకు సుమారు 5.4 మీటర్లు. ఆ వేగాన్ని 10 సెం.మీ.లో ఆపితే సగటు మందగమనం గురుత్వ త్వరణానికి 15 రెట్లు. 27 సెం.మీ.లో ఆపితే ఐదున్నర రెట్లు. పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగిస్తే చాలు, జవాబు వస్తుంది. ఆ తేడా ఎవరి మీద పడుతుందంటే, పిల్లవాడి మణికట్టు మీద, మోకాలి మీద, వెన్నుపూస మీద. ఎగిరిన బండి గుట్ట అవతలి వాలు మీద దిగేలా ట్రాకు తీర్చేది కూడా ఈ దెబ్బ తగ్గించడానికే.

ఇక బరువు. పెట్రోలుతో సహా సుమారు 84 కిలోలు. పోటీగా నిలిచే 85 టూ స్ట్రోకుల కంటే పది కిలోల వరకు ఎక్కువ. 40 కిలోల పిల్లవాడు ఎక్కితే మొత్తం 124 కిలోలకు 20 అశ్వశక్తి. స్ప్లెండరు మీద పెద్దమనిషి కూర్చుంటే 170 కిలోలకు 8 అశ్వశక్తి. కిలోకు లెక్కగడితే ఆ పన్నెండేళ్ళవాడి చేతిలో నాన్నగారి బండికి మూడు రెట్లకు మించిన శక్తి ఉంది. "స్ప్లెండరుకు తమ్ముడు" అన్న నా మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మరి ఫోర్ స్ట్రోకు మెత్తన అంటారే, అది అబద్ధమా? పూర్తిగా కాదు. చిన్న టూ స్ట్రోకు శక్తి చుట్లు ఒక హద్దు దాటాక ఒక్కసారిగా విరుచుకు పడుతుంది. ఫోర్ స్ట్రోకు కింది నుంచే లాగుతుంది, శక్తి వరుసగా పెరుగుతుంది. యాక్సిలేటరు వదిలితే ఇంజనే బండిని కొంత పట్టి ఆపుతుంది. అందువల్ల తెలిసిన రౌతుకు ఇది వశమైన బండి. తెలియనివాడికి వశమైనట్టు కనపడే బండి. ప్రమాదం అక్కడే ఉంది.

గంటల లెక్క

మన బళ్ళకు కిలోమీటర్ల లెక్క. పందెపు బండికి ట్రాక్టరు లాగే గంటల లెక్క. ఆయిలు కొద్ది గంటలకే మార్చాలి. వాల్వు సందులు కొలుస్తూ ఉండాలి. పిస్టను, రింగులు అరిగాక కాదు, అరగకముందే మార్చాలి. టూ స్ట్రోకు పిస్టను చెడితే ఓపిక ఉన్న తండ్రి ఇంట్లోనే మార్చుకోగలడు. ఫోర్ స్ట్రోకులో అశ్రద్ధ చేస్తే వాల్వు పోయి పిస్టనుకు తగులుతుంది. అప్పుడు తలతో సహా లేస్తుంది, ఖర్చు రెండింతలు మూడింతలవుతుంది. పాత బండి చవగ్గా వస్తోందంటే అది ఎన్ని గంటలు తిరిగింది, లోపల ఏమి మార్చారు అని అడగాల్సింది అందుకే.

అన్నిటికంటే ముఖ్యం గాలి వడపోత. ఆయిలు పట్టించిన స్పాంజి అది. మట్టిలో తోలిన ప్రతిసారీ విప్పి, కడిగి, ఆరబెట్టి, ఆయిలు పట్టించాలి. పాత ట్రాక్టర్లకు అడుగున ఆయిలు పోసిన ఎయిర్ క్లీనరు ఉండేది. నూర్పిళ్ళ రోజుల్లో పొద్దున్నే దాన్ని విప్పి మట్టి తీసి ఆయిలు మార్చాకే మా తాతగారు ఇంజను స్టార్టు చేయనిచ్చేవారట. డల్లాసులోనైనా దుమ్ము దుమ్మే.

నా భుజం ఎముక

ఇంత చెప్పాక నా సంగతి కూడా చెప్పకపోతే న్యాయం కాదు. నాకు పదమూడేళ్ళప్పుడు, ఎనిమిదో తరగతిలో, పొలానికి అన్నం క్యారేజీ పట్టుకుని నాన్నగారి బండి మీద వెళ్ళాను. దొంగతనంగా కాదు, ఇంట్లో పంపితేనే. మా ఊళ్ళో మగపిల్లలందరూ అంతే. కాలవగట్టు మలుపులో ఎదురుగా గేదె వచ్చింది. బండి ఆపాను. పక్కకి ఒరిగింది. కాలు పెట్టబోతే గట్టు అంచున నేల అందలేదు. బండీ నేనూ కింద పడ్డాం. కాలరు బోను విరిగింది. అన్నం మట్టిపాలయింది. తలకు గుడ్డ కూడా లేదు, ఇక హెల్మెట్టు మాటెక్కడిది! పడింది గట్టు మీద కాబట్టి బతికాను. అదే తారు రోడ్డయితే ఈ వ్యాసం వ్రాసేవాణ్ణి కాదు.

అందుకే ఈ పందెపు బండి గురించి చదువుతుంటే నాకొక విచిత్రమైన సంగతి తట్టింది. మనకు భయంకరంగా కనిపించే ఆ ఆటలో పిల్లవాడికి కొలిచి చేసిన బండి ఉంది. హెల్మెట్టు, కళ్ళద్దాలు, ఛాతీకి కవచం, మోకాళ్ళకు పట్టీలు, మోకాలి దాకా బూట్లు ఉన్నాయి. ఎదురుగా బండి రాని దారి ఉంది. ఎవరైనా పడితే వెనక వాళ్ళకు పసుపు జెండా ఊపే మనిషి ఉన్నాడు. మనకు మామూలుగా కనిపించే ఆ క్యారేజీ ప్రయాణంలో ఇవేవీ లేవు. మన దేశంలో గేర్ల బండికి 18 ఏళ్ళు నిండాలని 1988 నాటి చట్టమే చెప్పింది. 2019 సవరణతో మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు 3 సంవత్సరాల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి. చట్టం సంగతి మా ఊరికి తెలుసు. తెలిసీ ఇవాళ కూడా నా తర్వాతి పిల్లలు అదే గట్టు మీద అదే క్యారేజీతో వెళ్తున్నారు.

నా జవాబు

మా అన్నయ్యకు చివరికి చెప్పింది ఇది. "ఇది చెడ్డ బండి కాదు. దాని తరగతిలో చాలా మంచి బండి. కానీ మొదటి బండి కాదు. ముందు వాడికి క్లచ్చు, బ్రేకు, నిలబడి తోలడం ఒంటికి రావాలి. గాలికి చల్లబడే చిన్న బండి ఒకటి చూడు. అక్షరం సరిగ్గా చూసుకో. ట్రాకులో నేర్పేవాళ్ళ దగ్గర వెయ్యి. కవచాలకు డబ్బు ముందు తీసి పెట్టి, మిగిలినదాంట్లో బండి కొను. వాడు దాన్ని పూర్తిగా వాడుకుంటున్నాడని నేర్పేవాళ్ళు చెప్పిన రోజున ఆర్ బండి సంగతి ఆలోచిద్దాం."

అన్నయ్య విన్నాడు. వదినగారు నాకు ప్రత్యేకంగా ఫోను చేసి మెచ్చుకున్నారు. పిల్లవాడు మాత్రం నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు ఒక చిన్న బండి మీద శనివారాలు నేర్చుకుంటున్నాడు. మొన్న అలక మాని ఫోను చేసి, "బాబాయ్, ఎయిర్ ఫిల్టరు నేనే కడిగాను" అన్నాడు. పందెం గెలిచానని చెప్పినా నాకు అంత సంతోషం కలిగేది కాదు.

ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు మా ఇంటి క్యారేజీ మాత్రం నేను సైకిలు మీద తీసుకువెళ్ళాను. మా చిన్నాన్నగారి అబ్బాయికి పదమూడో ఏడు వచ్చింది. బండి తాళం అడిగాడు. ఇవ్వలేదు.